వేడిని దాచుకున్న సముద్రము

ఉప్పాడ తీరములో మా పెద్దలు వలలు ఆరబెట్టుకున్న నేల ఇప్పుడు నీటిలో ఉన్నది. కాకినాడనుండి ఉప్పాడకు వెళ్లే బీచి రోడ్డు తుఫానులకు తెగిపోవడము, మరల రాళ్లు పోయడము మేము చూస్తూనే ఉన్నాము. ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు, వాటినీ అలలు వదలలేదు. లోపలి ఊళ్లనుండి వచ్చిన బంధువులు, "ఇదంతా వాతావరణ మార్పేనా?" అని మమ్మల్ని అడుగుతుంటారు.

అంతా కాదు. గోదావరిమీద ఆనకట్టలు, రిజర్వాయర్లు వచ్చిన తరువాత సముద్రానికి చేరే ఒండ్రు తగ్గినది. ఒండ్రు రాని తీరము కోతపడుతుంది. కాబట్టి ఒక్క ఊరి ఒడ్డును చూచి లోకమంతటికీ తీర్పు చెప్పడము తొందరపాటే. ఒడ్డుకంటె ముందు నీటి లోపల చూడవలెను.

గాలికి నిలకడ లేదు. ఒక ఏడు వడగాడ్పులు, మరుసటి ఏడు ముసురు. సముద్రము పొయ్యిమీది పెద్ద కాగువంటిది. నిదానముగా కాగుతుంది, నిదానముగా చల్లారుతుంది. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగవలన భూమిమీద నిలిచిపోయిన అదనపు వేడిలో నూటికి 90 పాళ్లు సముద్రమే పుచ్చుకున్నది. ఆ వేడి గాలిలోనే మిగిలియుంటే మన గతి ఏమయ్యేదో!

ఈ సంగతి ఊహ కాదు, కొలిచి తెలుసుకున్నది. ఆర్గో అనే పరికరములు సుమారు 4,000 ప్రపంచ సముద్రాలలో తేలుతున్నవి. మనిషంత పొడవు గొట్టములు. 2,000 మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకొకసారి పైకి వస్తూ నీటి వేడిని, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశపు ఆర్గో లెక్కలు చూచేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ. సముద్రము లేని ఊరిలో సముద్రపు లెక్కలా అని మా పిల్లలు నవ్వుతారు గాని, చేపలు ఎక్కడ పడవచ్చునో మన జాలరులకు కబురు పంపేదీ ఆ సంస్థే.

వేడెక్కిన నీరు ఉబ్బుతుంది. దానికి కరిగిన మంచు నీరు తోడవుతుంది. ఉపగ్రహాలు కొలవడము మొదలుపెట్టిన 1993 తరువాత ప్రపంచ సముద్రమట్టము సగటున సుమారు 10 సెంటీమీటర్లు పెరిగినది. జానెడులో సగము. ఇంతేనా అనిపిస్తుంది. అయితే డెల్టా నేల పళ్లెమువలె చదునుగా ఉంటుంది, ఉప్పెన వచ్చినపుడు ఆ సగము జానెడు కూడా దానిమీదికెక్కుతుంది. పైగా తుఫానుకు బలమిచ్చేది వెచ్చని నీరే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వాతావరణ మార్పువలన వచ్చినదని మేము అనము. అటువంటిది ఇప్పుడు వస్తే, నాటికంటె ఎత్తైన సముద్రమునుండి బయలుదేరుతుంది.

మా ఇంటి కొత్త పునాదిని మేస్త్రీ రెండు అడుగులు చాలునన్నాడు. మేము నాలుగు అడుగులు వేయించాము. ఖర్చు పెరిగినది. మెట్లు ఎక్కలేక అమ్మ సణుగుతూనే ఉన్నది.