ఒక గింజ – మూడు పేర్లు

జేబులో డబ్బు తక్కువగా ఉన్నవాడికి ప్రయాణంలో ఒక గొప్ప సదుపాయం ఉంది. హోటల్లో కూర్చుని ఏం తిందామా అని తర్జనభర్జన పడనక్కర్లేదు. ఆ ఊళ్ళో కూలికి వెళ్ళేవాళ్ళు ఏం తింటున్నారో చూసి, వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడితే చాలు. ధర తక్కువ, కడుపు నిండుతుంది. పైగా ఆ నేలలో ఏం పండుతుందో ఎవర్నీ అడక్కుండానే తెలిసిపోతుంది.

ఈ సూత్రాన్ని నమ్ముకొని గత వేసవి సెలవుల్లో మూడు వేల రూపాయలతో ఎనిమిది రోజులు తిరిగాను. నా హాస్టల్ గది మిత్రుడిది మదనపల్లె దగ్గర పల్లెటూరు. మహబూబ్‌నగర్‌లో మా చిన్నాన్న తాపీపని చేస్తున్నాడు. కాబట్టి పడకకు ఖర్చు లేదు. జనరల్ బోగీకీ, పల్లెవెలుగు బస్సులకూ పోగా మిగిలిందంతా తిండికే!

విశాఖలో రైలెక్కబోయే ముందు రోడ్డు పక్క బండి దగ్గర అంబలి తాగాం. గ్లాసు ఇరవై రూపాయలు. రాగులను మా ఉత్తరాంధ్రలో చోళ్ళంటాం. చోడిపిండిని రాత్రి నీళ్ళలో పులియబెట్టి, నూకలతో కలిపి ఉడికించి, మర్నాడు మజ్జిగ పోసి ఇస్తారు. రిక్షావాళ్ళూ, ఆటోవాళ్ళూ నిలబడే తాగేసి పోతున్నారు. "ఉల్లిపాయ కొరుక్కుని తాగు బాబూ, ఎండ నిన్నేటీ సెయ్యదు" అంది బండి ఆవిడ.

తిరుపతిలో రైలు దిగి బస్సులో మదనపల్లె చేరాం. టమాటాల మార్కెట్టుకు ఆ ఊరు పెట్టింది పేరు. మార్కెట్టు దగ్గరి పూటకూళ్ళ పాకలో హమాలీల మధ్య కూర్చున్నాం. ఆకులో నల్లటి ముద్ద, పక్కన చెనిక్కాయల ఊరిబిండి, పుల్లగూర. నేను ముద్దను నమలటం చూసి వడ్డించే అవ్వ పకపకా నవ్వింది. "నమలగూడదు నాయనా, కూరలో అద్ది మింగాల. సంగటి అట్ల తింటేనే పొద్దుగూకేదాకా ఆకలి గాదు." నా మిత్రుడు నా పక్క చూడకుండా రెండో ముద్ద వేయించుకొన్నాడు. ఇదీ మా చోళ్ళ పిండే!

మిత్రుణ్ణి వాళ్ళింట్లో వదిలి, కదిరి మీదుగా అనంతపురం వచ్చి, అక్కణ్ణించి రైల్లో తుంగభద్ర, కృష్ణ దాటి మహబూబ్‌నగర్ చేరాను. పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర చిన్నాన్నతో నిలబడితే ఒక పెద్దమ్మ గిన్నెలోంచి చెంబుతో పోసి ఇచ్చింది. "యాడికెల్లి ఒచ్చినవ్ బిడ్డా? తైదంబలి తాగినవా ఎన్నడన్న?" అంది. తాగి చూస్తే మా మామ్మ చేతి అంబలే. ఇక్కడ దాని పేరు తైదలు. వలసలకు పేరుపడ్డ జిల్లా అది. అక్కడికి మా ఉత్తరాంధ్ర వాడు వలస వచ్చి, అదే గింజ తాగి పనిలోకి పోతున్నాడు.

శ్రీనాథ మహాకవి కన్నడ రాజధానికి వెళ్ళినప్పుడు చల్లా అంబలీ తాగవలసి వచ్చిందని ఒక చాటువులో వాపోయాడంటారు. ఆయన అలవాటుపడ్డ విందులు వేరు మరి! సైన్సు విద్యార్థిగా నేను మాత్రం అంబలి పక్షమే. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. పిండి పులిసినప్పుడు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా వల్ల ఫైటేట్ తగ్గి, ఆ ఖనిజాలు ఒంటికి బాగా పడతాయి. మన అవ్వలకు ఫైటేట్ మాట తెలియదు. రాత్రి నానబెట్టాలని మాత్రం తెలుసు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇంట్లో చోడి తగ్గిందని మామ్మ చెబుతుంది. ఆ బియ్యాన్ని నిందించటానికి నాకు నోరు రాదు, ఆకలి తీర్చింది. అయితే చోడి కూడు లేనివాళ్ళ కూడనే పేరు ఊళ్ళో నిలిచిపోయింది. ఇప్పుడేమో మన దేశం ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేసింది. పట్నం దుకాణాల్లో రాగి బిస్కెట్లు అద్దాల వెనక కూర్చున్నాయి.

ఇంటికి రాగానే ఈ కబుర్లన్నీ నాన్న ముందు పెట్టాను. మాకు ముప్పావు ఎకరం గరువు ఉంది. నాలుగేళ్ళ కిందటి దాకా అందులో చోడి వేసేవాళ్ళం. ఇప్పుడు నీలగిరి పెట్టేద్దామని నాన్న ఆలోచన. 2025-26కి రాగుల మద్దతు ధర క్వింటాలు 4,886 రూపాయలనీ, సాధారణ రకం వడ్లకు 2,369 మాత్రమేననీ లెక్క చెప్పాను. నాన్న అంతా విన్నాడు. "ధర కాయితం మీదుంటాది. మనూరికొచ్చి కొనీవోడెవుడు? నాటుకీ, కలుపుకీ, ఎన్ను కోతకీ మనుసులేరీ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇరవై రూపాయల గ్లాసులో ముప్ఫై గ్రాముల పిండి అనుకొంటే, మద్దతు ధరన దాని ఖరీదు రూపాయిన్నర. మిగతాది పొయ్యికీ, మజ్జిగకీ, తెల్లవారకుండా లేచిన బండి ఆవిడ రెక్కల కష్టానికీ పోతుంది. ఆవిడ ఎక్కువ తీసుకొంటోందని అనలేను. రైతుకు చాలుతోందనీ అనలేను.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఇరవై సెంట్లు చోడికి, తక్కినది నీలగిరికి. కలుపుకూ కోతకూ నేను రావాలన్నది నాన్న షరతు. వెళ్ళాను. వెన్నులు కోసి, ఎండబెట్టి, నూరిస్తే బస్తాకు కొంచెం పైన అయ్యాయి. ఇంటికీ మామ్మకీ సరిపోతాయి, అమ్మకానికి కాదు.

మిత్రులారా, ఈసారి మీరు టూరుకు వెళ్ళినప్పుడు కూలీల పక్కన నిలబడి ఒక గ్లాసు తాగండి. అది ఎవరి పొలంలో పండిందో, వాళ్ళకు ఎంత ముట్టిందో కూడా అడగండి. మా నాన్న ప్రశ్నకు మీలో ఎవరికైనా జవాబు దొరికితే నాకు చెప్పండి. తక్కిన అర ఎకరంలో నీలగిరి మొక్కలు ఇంకా మోకాలెత్తే ఉన్నాయి.