మా పార్టీకి హీరో కారం బొరుగులు!

కొత్త సినిమా వచ్చిందంటే మనకు మూడు పనులు. టికెట్ సంపాదించడం ఒకటి. సినిమా చూడటం రెండు. చూసొచ్చాక నలుగురూ ఒకచోట చేరి, మొదటి రీలు నుంచి శుభం కార్డు దాకా ఆ సినిమాను మళ్లీ విప్పుకోవడం మూడు. ఈ మూడోదాన్లోనే అసలు మజా అంటాన్నేను. ఏ ఫైటు బాగుంది, ఏ పాట అనవసరం... తెల్లారినా తెమలదు. మరి నోరు అంతసేపు ఆడాలంటే దానికి మేత పడాలి కదా!

'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావు పెళ్లివిందునంతా ఒక్కడే లాగించేస్తుంటే నోరూరని వాళ్లెవరు? కానీ ఆ విందులో నాకొక లోటు కనిపిస్తుంది. కారం బొరుగులు లేవు! నవ్వకండి. నాది కర్నూలు జిల్లా పడమటి దిక్కు, గోనెగండ్ల. మీరు మరమరాలంటారేమో, మాకవి బొరుగులు. కొంచెం పడమరకు పోతే కన్నడం వాళ్లకు మండక్కి. పొద్దున వాటినే నీళ్లలో తడిపి తాలింపు పెడితే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి. సాయంత్రం తడపకుండా తాలింపు పెడితే కారం బొరుగులు. ఒకే నటుడు, రెండు వేషాలు!

ఇదేమిటి, సినిమా పత్రికలో వంటల శీర్షికా అనుకుంటున్నారా? ఆగండి, కథ ఉంది.

మా బృందంలో పదిమందిమి. సంక్రాంతి సినిమాకు ఎమ్మిగనూరు పోవడం, రాత్రికి ఎవరి మిద్దె మీదో చేరడం మా ఆనవాయితీ. చందా వేసుకుని చిప్సు పొట్లాలు, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు తెచ్చేవాళ్లం. రానురాను చందా పెరిగింది. అది పెరిగేకొద్దీ మాలో ఒకడు తగ్గుతూ వచ్చాడు. సినిమాకు నేల టికెట్ అయినా సరే వచ్చేవాడు. పార్టీ అనగానే "పని ఉందప్పా" అని తప్పుకునేవాడు. ఓ సంక్రాంతికి పట్టుబట్టి అడిగితే అసలు మాట బయటపడింది.

"నా తాన దుడ్లు లేవప్పా. మీరు పెడితే తినేకి నాకు బాగుండదు. పండగయినాక సుగ్గికి పోతాండాం కూడా."

సుగ్గి అంటే మా దిక్కున అందరికీ తెలుసు. వానలు మొహం చాటేసిన ఏడు, చేతిలో పని లేనప్పుడు, ఇళ్లకు తాళాలేసి పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి ఏరడానికి పోవడం. గాజులదిన్నె ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. అయినా ఆ నీళ్లు అందరి చేలకూ రావు కదా! మా వాడు ఇంటర్ అయినాక రెండేళ్లుగా అమ్మానాన్నలతో పోతున్నాడు. మళ్లీ వచ్చేది ఉగాదికే.

వాడికి చందా మాఫీ చేస్తామంటే అసలే రాడు. పౌరుషం గల మనిషి. అందుకని ఆ ఏడు చందానే ఎత్తేశాం. "దుడ్లు ఎవరూ ఇయ్యొద్దు. ఇంట్లో ఉన్నది తలా ఇంత పట్టుకుని రండి" అన్నాం. ఒకడు బొరుగులు తెచ్చాడు. ఇంకొకడు బుడ్డలు... అదేనండీ, వేరుశెనగ గింజలు. మరొకడు పుట్నాలు, ఇంకొకడు ఎండుకొబ్బరి చిప్ప, పెరటి చెట్టు కరివేపాకు. మరి మా వాడు? వాళ్లమ్మ గుంటూరు నుంచి వచ్చేటప్పుడు మూటగట్టుకొచ్చిన ఎండుమిరపకాయలు ఒళ్లో పోసుకుని వచ్చాడు! వాళ్లు కోసిన చేనువేనట. వాడే కారం దంచాడు, వాడే తాలింపు పెట్టాడు. మేమంతా అసిస్టెంట్లం.

ఇక వాడు చెప్పిన విధానం రాసుకోండి. పదిమందికి అరకిలో బొరుగులు చాలు, చూడ్డానికి అవే పెద్ద మూట. ముందు వాటిని ఎండలోనో, ఒట్టి బాణలిలో సన్నని సెగ మీదో వేడి చేయాలి. బియ్యపు గింజ వేడి ఇసుకలో పడి, లోపలి తేమ ఆవిరై ఉబ్బితేనే బొరుగు పుడుతుంది. అదే తేమ బయటినుంచి మళ్లీ చేరితే మెత్తబడి చస్తుంది. వేళ్లతో నలిపితే పటుక్కుమనాలి.

రెండు తెల్లగడ్డలు పొట్టుతోనే కచ్చాపచ్చాగా, ఉప్పు, రెండు పెద్ద చెంచాల కారం కలిపి దంచాలి. ఉప్పు నూనెలో కరగదు. అందుకే మెత్తగా దంచకపోతే ఒకడి నోట్లో ఉప్పు, ఇంకొకడి నోట్లో చప్పన! ఒక టీ గ్లాసు నూనెలో 200 గ్రాముల బుడ్డలు ఎర్రగా వేగాక పుట్నాలు, కొబ్బరి ముక్కలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయాలి. కరివేపాకు గలగలలాడాక పొయ్యి ఆర్పేయాలి. ఆర్పాకే పసుపు, దంచిన కారం! మంట మీద వేశారో, కారం మాడి నల్లబడుతుంది, ఇల్లంతా దగ్గు. ఆ వేడి చాలు. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది గనుక ఆ నూనె అంటిన ప్రతి బొరుగుకూ కారం అందుతుంది. గుంటూరు కారానికి కాస్త బ్యాడిగి కారం తోడైతే రంగుకు రంగు, ఘాటుకు ఘాటు.

ఇప్పుడు బొరుగులు పోసి, కింది నుంచి పైకి ఎగరేస్తూ కలపాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి మూత పెట్టాలి. ఉల్లిగడ్డ, నిమ్మరసం మాత్రం తినేవాడు తినేటప్పుడు తన గిన్నెలోనే కలుపుకోవాలి.

అన్నట్టు, అమెరికాలో ఉన్న మా బంధువొకాయన చెప్పాడు. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో పార్టీలకు ఉప్పు బిస్కట్ల మీద నూనె, మిరప పలుకులు, ఎండిన ఆకుల పొడి పోసి, సంచిలో మూతి కట్టి అటూ ఇటూ దొర్లించి, రాత్రంతా నాననిస్తారట. పేరు ఫైర్ క్రాకర్స్... అంటే టపాకాయలు! కరకరలాడేది ఒకటి, దానికి కారం నూనె పట్టించడం. సూత్రం మనదే. పొయ్యి లేదు గనుక వాళ్లకు రాత్రంతా పడుతుంది, మనకు పావుగంట.

ఆ రాత్రి సినిమా సంగతి సగమే మాట్లాడుకున్నాం. మిగతా సగం మా వాడే మాట్లాడాడు. మిరపచేలో పొద్దుటినుంచి వంగి కోస్తే నడుము ఎట్లుంటుందో, చేతులు కడిగినా రాత్రి మంట ఎట్లా పోదో, అక్కడ గుడిసెల దగ్గర సెల్‌ఫోన్‌లో పదిమంది కలిసి సినిమా ఎట్లా చూస్తారో! మేము నోటినిండా కారం నములుతూ విన్నాం. నాలుగో రోజున వాళ్లు పోయినారు. డబ్బాలో మిగిలిన బొరుగులు దారికని వాడి సంచిలోనే పెట్టాం. ఈసారి "వద్దు" అనలేదు.

ఇప్పటికీ మాకు చందా లేదు. వాడు సుగ్గికి పోవడమూ మానలేదు. బొరుగులతో కరువు తీరుతుందా? కానీ ఉగాదికి వాడు దిగాడంటే, మాకు పార్టీ అప్పుడే. కారం వాడిదే.

మీ బృందంలో కూడా పార్టీ అనగానే "పని ఉంది" అని తప్పుకునేవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాణ్ని వందో రెండొందలో అడక్కండి. "మీ ఇంట్లో ఏముంది, పట్టుకురా!" అని అడిగి చూడండి.