డెబ్బై రెండు గంటలు

మిరపకోతల నుంచి శావల్యాపురం దారిన వస్తున్న మా తండా కుర్రాణ్ణి ఇద్దరు చెరిచారు. మగాణ్ణి చెరచడమేంటని నవ్వుతారని వాడు నోరు విప్పలేదు. నిజమే, వాడి నడక చూసి ఇన్నేళ్ళూ నవ్విందీ మేమే.

మాకు తెలిసేసరికి వారం దాటింది. హెచ్‌ఐవి సోకకుండా వేసుకునే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఆ సంగతి పెద్దాసుపత్రికి వెళ్ళాకే తెలిసింది.

ఇక చట్టం. ఆడవాళ్ళపై అత్యాచారానికి కనీసం 10 ఏళ్ళ జైలు. ట్రాన్స్‌జెండర్లపై అయితే, 2019 చట్టం ప్రకారం 6 నెలల నుంచి 2 ఏళ్ళే. మగవాళ్ళకు మిగిలిన 377 సెక్షన్ కూడా 2024 జులై 1న కొత్త చట్టంతో పోయింది.

రక్తపరీక్షకు మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. వాడితో మేమూ వెళ్తున్నాం. మాస్టారూ, ఆ 72 గంటల మాట మాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు.