ఇరవైలో ఎనిమిది

గోడపత్రికకి గోల్ఫ్ గురించి రాస్తానంటే మా క్లాసులో నవ్వారు. "అది డబ్బున్నవాళ్ల ఆట కదే!" అంది నా పక్కన కూర్చునే అమ్మాయి. చాలావరకు నిజమే. మా నాన్న బెంగళూరులో ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి చూసుకునే పనిలో ఉన్నారు. అక్కడ సోమవారం సభ్యులకు సెలవు. ఆ రోజు క్యాడీలు, పనివాళ్లు, వాళ్ల పిల్లలు ఆడుకోవచ్చు. అలా పదకొండో ఏట నా చేతికి ఒక పాత క్లబ్బు వచ్చింది. తర్వాత అక్కడి కోచ్ సార్ నా ఆట చూసి, ఫీజు లేకుండా పిల్లల బ్యాచ్‌లో చేర్చుకున్నారు. ఇప్పుడు నాకు పంతొమ్మిది.

ఆ ఎనిమిదేళ్ల గురించి కాదు, పోయిన ఎనిమిది నెలల గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఇది గోల్ఫ్ ఆడేవాళ్లకే జరిగేది కాదు. బాగా పాడే పిల్లకి ఉన్నట్టుండి శ్రుతి నిలవదు. లెక్కలు గబగబా చేసే పిల్ల పరీక్ష హాల్లో కూడిక దగ్గర ఆగిపోతుంది. వచ్చిన పనే చేతికి రాకుండా పోతుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పద్దెనిమిది గుంతలు ఉంటాయి. వాటిని హోల్స్ అంటారు. ఎన్ని తక్కువ దెబ్బల్లో అన్ని గుంతల్లో బంతి వేస్తే అంత గొప్ప. పెద్ద కోర్సుల్లో సాధారణంగా 72 దెబ్బల్లో ముగించాలి, దాన్ని పార్ అంటారు. మాలాంటి అమెచ్యూర్లకి హ్యాండిక్యాప్ అని ఒక అంకె ఉంటుంది. నా హ్యాండిక్యాప్ 11 అంటే, నేను బాగా ఆడిన రోజున 83 దగ్గర ముగిస్తానని ఉజ్జాయింపుగా అర్థం.

పోయిన ఆగస్టులో నాది 11. సెప్టెంబరులో ఒక పోటీలో మూడు అడుగుల దూరం నుంచి బంతి గుంతలో పడలేదు. అది ఎవరికైనా జరుగుతుంది. తర్వాతి హోల్‌లోనూ పడలేదు. ఆ వారం నుంచి పటర్ పట్టుకుంటే చాలు, కుడిచెయ్యి నా మాట వినకుండా ఒక్కసారి అదిరేది. రెండు వందల గజాలు కొట్టగలిగిన చెయ్యి మూడు అడుగుల దగ్గర వణికేది. స్కోర్లు 92, 95, ఒకరోజు 99. ఈ చేతి అదురుకి ఇంగ్లీషులో ఒక పేరే ఉంది, యిప్స్ అంటారు. పేరు ఉందని తెలిశాక కొంచెం ఊపిరి వచ్చింది. పేరుందంటే నాకంటే ముందు చాలామందికి వచ్చిందనే కదా.

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మది కన్నడం, నాన్నది తెలుగు. నాన్న తాతగారి కాలంలోనే చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. పోటీ నుంచి వచ్చినప్పుడల్లా అమ్మ "సోతు హోదెయా?" అనేది. కన్నడంలో సోలు అంటే ఓటమి. ఓడిపోయావా అని అడగడం. అవ్వ మాత్రం నా మొహం చూసి "ఏమే, అట్ల సోలిపోయినావు?" అనేది. తెలుగులో సోలడం అంటే అలసటతోనో, మైకంతోనో ఒరిగిపోవడం. ఒకేలా వినిపించే మాట, ఇద్దరి నోట్లో రెండు ప్రశ్నలయ్యేది. అమ్మ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది: అవును, ఓడాను. అవ్వ ప్రశ్నకి జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టేది. ఎందుకంటే ఆమె స్కోరు అడగడంలేదు.

అమ్మ అడగడంలో తప్పేమీ లేదు. పోటీలకి ఎంట్రీ ఫీజు, ఆటోలు, గ్లవ్స్, బంతులు, అన్నీ నాన్న జీతంలోంచే. చెరువులో పడ్డ బంతుల్ని తీసి అమ్మేవాళ్ల దగ్గర కొన్నా ఖర్చు ఖర్చే. జనవరిలో అమ్మ మెత్తగానే చెప్పింది: "ఆట చాలు, బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరు." నాన్న ఏమీ అనలేదు. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ రోజుల్లో అదితి అశోక్ గురించి మళ్లీ మళ్లీ చదివాను. ఆమె మన బెంగళూరు అమ్మాయి. టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం పోయి నాలుగో స్థానంలో ఉండిపోయింది. అది అందరికీ తెలుసు. నన్ను పట్టుకున్నది 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలు. చివరి రౌండ్‌కి ముందు ఆమె ఏడు స్ట్రోకుల ఆధిక్యంలో ఉంది. ఆ చివరి రోజు 77 కొట్టింది. బంగారం చేజారి వెండి వచ్చింది. ఆసియా క్రీడల గోల్ఫ్‌లో మన దేశపు మహిళకి వచ్చిన మొదటి పతకం అదే, అయినా ఆ సాయంత్రం ఆమెకి ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. రెండు నెలలు తిరగకుండానే స్పెయిన్‌లో జరిగిన ఓపెన్ గెలిచింది.

జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌కి ఈ చేతి అదురు ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది. పటర్ పట్టుకునే పద్ధతినే మార్చుకుంటూ పోయాడు. 1985లో, మళ్లీ 1993లో మాస్టర్స్ గెలిచాడు. కానీ ఇయాన్ బేకర్-ఫించ్ సంగతి కూడా చెప్పాలి. 1991లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు. 1997లో అదే పోటీలో మొదటి రోజు 92 కొట్టి తప్పుకున్నాడు. తర్వాత టీవీలో వ్యాఖ్యాతగా స్థిరపడ్డాడు. అందరికీ ఆట తిరిగి రాదు. ఈ మాట దాచి మిగతా ఇద్దరి గురించే చెబితే అది ధైర్యం చెప్పడం కాదు.

నాకు నిజంగా పనికొచ్చింది ఒక లెక్క. ఫిబ్రవరిలో నా హ్యాండిక్యాప్ 15 అయింది. "పాతాళానికి పోతోంది సార్" అన్నాను. కోచ్ సార్ కాగితం మీద వేసి చూపించారు. హ్యాండిక్యాప్‌కి చివరి ఇరవై రౌండ్లు తీసుకుంటారు. అందులో మంచివి ఎనిమిది ఏరి, వాటి సగటే లెక్క. మిగిలిన పన్నెండు పక్కన పెట్టేస్తారు. అంటే ఎంత బాగా ఆడేవాళ్లకైనా ఇరవైలో పన్నెండు రోజులు లెక్కకి రానివే! ఇంకొక నియమం ఉంది. ఏడాదిలో మన అతి మంచి అంకె కంటే మూడు దాటి పెరగబోతే, ఆ పై పెరుగుదలని సగానికి కోస్తారు. అయిదు దాటి అసలు పెరగనివ్వరు. అసలు లెక్కకి నాది 16 రావాలి. అయిదు పెరగాల్సింది నాలుగే పెరిగి 15 దగ్గర ఆగింది. ఆట బాగాలేని కాలం వస్తుందని ఆ నియమం రాసినవాళ్లకి ముందే తెలుసన్నమాట. అది మర్యాదగా అనిపించింది నాకు.

ఆ కాగితం తెచ్చి అమ్మకి చూపించాను. "ఇంకో ఇరవై రౌండ్లు. తర్వాత నువ్వు చెప్పినట్టే" అన్నాను. అమ్మ లెక్క అంతా ఓపిగ్గా విని "సరి, ఇప్పత్తు" అంది. కన్నడంలో ఇరవై.

అప్పటినుంచి నేను చేస్తున్నవి చిన్న పనులే. ప్రాక్టీసు మొదట్లో రెండు అడుగుల నుంచే కొడతాను, గుంత చుట్టూ ఆరు బంతులు పెట్టి. ఆరూ పడ్డాకే మూడు అడుగులు. ఎడమచెయ్యి కిందికి, కుడిచెయ్యి పైకి మార్చి పట్టుకుంటున్నాను. అదిరే కుడిచేతికి పని తగ్గుతుంది. వారానికి ఒకసారి స్కోరు రాయకుండా ఆడతాను. నోట్‌బుక్‌లో పడని బంతుల సంఖ్య రాయడం మానేసి, పడినవి రాస్తున్నాను. నమ్మకం వచ్చాక ఆడదామని ఆగితే ఆ రోజు రాదని నాకు అర్థమైంది. వణికే చేత్తోనే కొట్టాలి, పడిన బంతి కొంచెం నమ్మకం మిగిల్చి పోతుంది.

ఇది రాసేనాటికి పదమూడు రౌండ్లు అయ్యాయి. హ్యాండిక్యాప్ 14 దగ్గర ఉంది. చెయ్యి ఇంకా అప్పుడప్పుడు అదురుతోంది, నిన్న కూడా రెండుసార్లు. ఇంకా ఏడు రౌండ్లున్నాయి. తర్వాత ఏమవుతుందో నేను చెప్పలేను. కోచింగ్ సెంటర్ దరఖాస్తు కూడా నింపి అల్మారాలో పెట్టాను, అమ్మకిచ్చిన మాట మాటే.

మీలో ఎవరికైనా ఇప్పుడు వచ్చిన పని చేతికి రాకుండా ఉంటే, సెకండియర్ ఆర్ట్స్‌లో వెనక బెంచీ దగ్గరికి రండి. స్కోరు అడగను.