ఆగిన చెయ్యి

2023 అక్టోబర్. ఎన్నికల కోడ్ వచ్చి వారం కూడా కాలేదు. లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో జమ చెయ్యమని కబురు రావడంతో మామయ్య తన రివాల్వర్ అప్పగించడానికి బయల్దేరారు. కారు నేను నడుపుతున్నాను. ఇస్నాపూర్ దాటి ముత్తంగి వైపు వస్తుంటే ముంబై హైవే మీద బారికేడ్లు. పాశమైలారం లారీల వెనక మా వంతు వచ్చేసరికి చీకటి పడింది.

"ఆర్సీ చూపెట్టుండ్రి సార్" అన్నాడు ఓ కుర్ర కానిస్టేబుల్. మామయ్య మోకాళ్ల మీదుగా వంగి డాష్‌బోర్డ్ తెరిచాను. కాగితాల మీద తోలు పౌచ్. నడుముకు ఒత్తుకుంటోందని ఇస్నాపూర్‌లో టీ తాగినప్పుడు ఆయన తీసి అక్కడ పెట్టారు. ఆ సంగతే మరిచి, దాన్ని పక్కకు జరపబోయాను. టార్చి వెలుగు నా చేతి మీద నిలిచిపోయింది. కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు హెడ్ కానిస్టేబుల్ గొంతు వినిపించింది, చాలా నెమ్మదిగా. "సార్, చెయ్యి గట్లనే ఉంచుండ్రి. ఇగ మెల్లగ స్టీరింగ్ మీద పెట్టుండ్రి. అది ఎవలది?"

"నాదే. లైసెన్సు జేబుల ఉన్నది. జమ చెయ్యనీకె పోతున్నం" అన్నారు మామయ్య, కదలకుండా. హెడ్ అటువైపు తలుపు తీసి, పౌచ్ తనే అందుకొని, లైసెన్సులోని నంబరుతో సరిచూసి ఇచ్చేశాడు. అయిదు నిమిషాల పని.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. మొదట వచ్చింది కోపమే. చట్టం చెప్పినట్టు అప్పగించడానికి వెళ్తున్నవాళ్లం, మమ్మల్ని చూసి వెనక్కి జరగడమేమిటని. తెల్లవారేసరికి ఆ కోపం నా మీదికే తిరిగింది. లైసెన్సు మామయ్య జేబులో ఉంది. టార్చి వెలుగులో కనిపించింది మాత్రం తుపాకీ వైపు పోతున్న ఓ అపరిచితుడి చెయ్యి. నా మనసులో ఏముందో ఆ కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

1959 నాటి ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆయుధంతో వెళ్తున్నవారిని లైసెన్సు చూపమనే అధికారం పోలీసులకు ఉంది. బహిరంగ ప్రదేశంలో ఆయుధం పూర్తిగా కప్పి ఉండాలని, తీసుకెళ్లేవారి అదుపులో ఉండాలని 2016 నియమాలు చెబుతున్నాయి. మాది కప్పే ఉంది. కానీ ఎవరి అదుపులో? లైసెన్సు లేని నా చేతికి అందేలా, ఆర్సీ మీద.

డల్లాస్‌లో ఉండే మేనల్లుడికి ఫోన్‌లో చెప్పాను. అతనికీ అక్కడ తుపాకీ లైసెన్సు ఉంది. పోలీసులు ఆపితే కారు పక్కకు తీసి, ఇంజన్ ఆపి, లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచుతాడట. తుపాకీ ఎక్కడుందో, లైసెన్సు ఎక్కడుందో ముందు నోటితో చెప్పి, వాళ్లు సరేనన్నాకే చెయ్యి కదుపుతాడట. ఇంత తేలికా అనిపించింది. కాదని చెప్పింది అతనే. 2016 జూలై 6న మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు ఆపాడు. తన దగ్గర తుపాకీ ఉందని కాస్టిల్ మర్యాదగానే చెప్పాడు. దానికి పర్మిట్ కూడా ఉంది. క్షణాల్లో ఏడు తూటాలు పేలాయి, అతను చనిపోయాడు. మరుసటి ఏడాది ఆ పోలీసు నిర్దోషి అని జ్యూరీ తేల్చింది.

ఆ మాట విన్నాక చాలాసేపు మౌనంగా ఉండిపోయాను. ముందుగా చెప్పినా బతకనివ్వని భయం ఉంటుందన్నమాట. ఆ భయం అందరి మీదా సమానంగా వాలదు కూడా. అలాంటప్పుడు ముత్తంగి దగ్గర మమ్మల్ని కాపాడింది మామయ్య నిదానం ఒక్కటేనా? కాదు. ఆ హెడ్ గొంతు కూడా. మన చేతులు మన బాధ్యత, నిజమే. ఎదుటివాడి నిదానం మాత్రం మనం తెచ్చుకోగలిగింది కాదు. ఆ రాత్రి అది మాకు దొరికింది. ఆయన పేరైనా అడగలేదు.

ఫలితాలు వచ్చాక రివాల్వర్ వెనక్కి తెచ్చుకున్నాం. ఇప్పుడది మామయ్య నడుముకే, ఒత్తుకున్నా సరే. ఆర్సీ నా చొక్కా జేబులో. మీ ఇంట్లోనూ లైసెన్సు ఆయుధం ఉంటే, బండి తీసేముందు ఒక్కసారి డాష్‌బోర్డ్ తెరిచి చూడండి.