బేగంపేట బడి నుంచి ‘బజార్’ దాకా...

సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడలి నుంచి బేగంపేట వైపు బయల్దేరితే పక్కకు తిరిగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. చూస్తే మాత్రం పాత కాలం ఇంకా నిలబడే ఉంది. పాయిగా ప్యాలెస్, 1906లో స్పెయిన్ పోకడలతో కట్టిన మసీదు, 2008 మార్చి దాకా ప్రయాణికుల విమానాలు దిగిన విమానాశ్రయం... ఆ దారిలోనే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్.

జాగీర్దార్ల పిల్లల కోసం 1923లో పెట్టిన కాలేజీ ఇది. జాగీర్లు పోయాక పేరు మారింది, మిగతావాళ్లకూ తలుపులు తెరుచుకున్నాయి. సత్య నాదెళ్ల చదివింది ఇక్కడేనని చాలామందికి తెలుసు. గజల్ గాయకుడు తలత్ అజీజ్‌దీ ఇదే బడి అని ఎందరికి తెలుసు?

అమెరికాలో నల్లజాతివారి చర్చి పాట ప్రేమ పాటగా మారితే ‘సోల్’ అన్నారు. దేవుడితో చెప్పుకునే మాటనే ప్రియురాలితోనూ చెప్పుకోవడం దక్కన్‌కు కొత్తేమీ కాదు. గజల్ ఆ పని ఎప్పుడో చేసింది!

కిరానా ఘరానా సంగీతం నేర్చిన తలత్‌కు తొలి ఆల్బమ్ 1980లో వచ్చింది. పేరు ‘జగ్జీత్ సింగ్ ప్రెజెంట్స్ తలత్ అజీజ్’. అప్పటికే గజల్‌ను మామూలు శ్రోతల ఇళ్లలోకి తెచ్చిన జగ్జీత్, కొత్త కుర్రాడికి తన పేరునే పూచీగా ఇచ్చారన్నమాట. సినిమా పాటల రాజ్యంలో కొత్త గొంతుకు అంతకంటే ఏం కావాలి? మరుసటి ఏడాదే ఖయ్యామ్ ‘ఉమ్రావ్ జాన్’లో పాడించారు.

1982లో ‘బజార్’. అందులో లతా మంగేష్కర్‌తో తలత్ పాడిన గజల్ రాసింది మన మఖ్దూం మొహియుద్దీన్. ఆయన 1969లోనే కన్నుమూశారు. పాట నిండా రాత్రి, పూలు, ప్రేమ. సినిమా కథ మాత్రం డబ్బున్న గల్ఫ్ వరుడికి పేదింటి హైదరాబాదీ పిల్లను కట్టబెట్టే పెళ్లి బేరం. ఆ తీయని పాట గుండెలో ముల్లులా దిగేది అందుకే.

బేగంపేట చూశాక ట్యాంక్‌బండ్ మీదికి రండి. జంటనగరాలను కలిపే ఆ గట్టు మీద మఖ్దూం విగ్రహం ఉంది. సాయంత్రం నీటి గాలికి కాసేపు నిలబడి ఆ పాట వినండి. రాసిన కవీ, పాడిన గొంతూ ఈ నేలవే!