పసుపు రాళ్లు, పగడపు తోటలు
సముద్రాన్ని కాపాడుకోవడమెలాగో నలుగురికీ నేర్పిన చిన్న కరీబియన్ దీవి బొనేర్‌కు ఇప్పుడు తన పగడాలను దక్కించుకోవడమే పెద్ద పరీక్ష

బొనేర్ దీవి పడమటి తీరం వెంట సాగే రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాళ్లు కనిపిస్తాయి. అవి మైలురాళ్లనుకుంటే పొరపాటే. ఒక్కో రాయి మీద ఒక్కో పేరుంటుంది: ఏంజెల్ సిటీ, ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్, వన్ థౌజండ్ స్టెప్స్. పేరు చూసుకుని అక్కడే పికప్ ట్రక్కు ఆపడం, వీపుకు గాలి సిలిండర్ తగిలించుకోవడం, నీళ్లలోకి నడిచి వెళ్లడం. పడవతో పని లేదు. ఒడ్డు నుంచి కాసేపు ఈదితే చాలు, కాళ్ల కింద పగడపు దిబ్బ మొదలవుతుంది. దీవి చుట్టూ ఇలాంటి డైవింగ్ స్థలాలు 80కి పైనే ఉన్నాయి. కార్ల నంబర్ ప్లేట్ల మీద కూడా ‘డైవర్స్ ప్యారడైజ్’ అనే రాసుకున్న ఊరిది.

వెనిజులా తీరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవి నెదర్లాండ్స్ ఏలుబడిలోనిది. తుపాన్లు సాధారణంగా నడిచే దారికి దక్షిణంగా ఉండటం దీనికి పెద్ద వరం. గాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి పడమటి వైపు నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. ఆ వైపు ఎదురుగా క్లెయిన్ బొనేర్ అనే చిన్న లంక ఉంది. మనుషులెవరూ ఉండని ఆ లంక చుట్టూ ఉన్న దిబ్బలను చూడాలంటే మాత్రం పడవెక్కాల్సిందే.

డైవింగ్ స్థలాల్లో ఒక్కోదానిదీ ఒక్కో కథ. వన్ థౌజండ్ స్టెప్స్ దగ్గర ఒడ్డుకు దిగే మెట్లు నిజానికి డెబ్బైకి అటూ ఇటూ మాత్రమే. బరువైన సిలిండర్‌తో తిరిగి ఎక్కేటప్పుడు అవి వెయ్యి అనిపిస్తాయి. ‘హిల్మా హూకర్’ది సినిమా కథ. 1984లో యంత్రం మొరాయించి బొనేర్ రేవుకు చేరిన ఈ సరకుల ఓడను అధికారులు సోదా చేస్తే దొంగ గోడ వెనక టన్నుల కొద్దీ గంజాయి దొరికింది. నా ఓడ అని ముందుకొచ్చిన వారు లేరు. నీరు కారుతూ కారుతూ అదే ఏడాది సెప్టెంబర్ 12న మునిగిపోయింది. 72 మీటర్ల ఆ ఓడ ఇప్పుడు దాదాపు 30 మీటర్ల లోతున ఇసుకలో పక్కకు ఒరిగి పడుకుని ఉంది, చేపలకు నివాసంగా.

దక్షిణాన సాల్ట్ పియర్ వద్ద దృశ్యం వేరు. ఉప్పు ఓడల కోసం కట్టిన రేవు స్తంభాలకు పగడాలు, స్పాంజీలు అల్లుకున్నాయి. ఓడ ఆగి ఉంటే డైవింగ్‌కు అనుమతి లేదు. రోడ్డుకు అవతల గులాబీ రంగు ఉప్పు మళ్లు, వాటిలో ఫ్లెమింగోలు. పులికాట్‌లో దిగే పక్షులకు ఇవి దాయాదులు. ఇంకాస్త ముందుకెళితే మనిషి నిటారుగా నిలబడలేనంత చిన్న రాతి గుడిసెలు. ఉప్పు మళ్లలో చాకిరీ చేసిన బానిసల కోసం 1850లో కట్టినవి. నెదర్లాండ్స్ తన కరీబియన్ దీవుల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1863లో. వైట్ స్లేవ్, రెడ్ స్లేవ్ అన్న డైవింగ్ స్థలాల పేర్లు ఆ చరిత్రకు మిగిలిన గుర్తులు.

అందం ఒక్కటే బొనేర్‌కు పేరు తేలేదు. క్రమశిక్షణ తెచ్చింది. నీళ్లలో ఈటెతో చేపల్ని కొట్టడాన్ని ఈ దీవి 1971లోనే నిషేధించింది. 1975లో పగడాలు తీయడం మీద వేటు పడింది. 1979లో దీవి చుట్టూ 60 మీటర్ల లోతు వరకు సముద్రం మొత్తాన్ని మెరైన్ పార్కుగా ప్రకటించారు. అండమాన్‌లో వండూరు సముద్ర పార్కు వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకు. పార్కు ప్రకటించినంత తేలిక కాదు నడపడం. డబ్బు లేక 1980ల మధ్యకొచ్చేసరికి అది కాగితాలకే పరిమితమైంది. 1992లో ఒక్కో డైవర్ నుంచి 10 డాలర్లు వసూలు చేయాలని నిర్ణయించారు. పర్యాటకులు బెదిరిపోతారన్న భయం నిజం కాలేదు. ఆ రుసుము తర్వాత పలుమార్లు పెరిగినా జనం వస్తూనే ఉన్నారు. నిబంధనలు కూడా గట్టివే. లంగరు వేయకూడదు, శాశ్వత బోయాలకే పడవ కట్టాలి. చేతికి గ్లవుజులు తొడగకూడదు. తొడుగుంటే పగడాన్ని పట్టుకోవాలనిపిస్తుందన్నది తర్కం.

అయితే కాపలాదారు ఆపలేని శత్రువులు కూడా ఉన్నారు. 1980ల్లో నాచును మేసే నల్లటి ముళ్ల సీ అర్చిన్లు కరీబియన్ అంతటా ఏదో రోగంతో చచ్చిపోయాయి. మేసేవాళ్లు లేక నాచు పెరిగి పగడాల చోటు ఆక్రమించింది. 2009లో ఇక్కడ తొలిసారి కనిపించిన లయన్‌ఫిష్ స్థానిక చేపపిల్లలను మింగడం మొదలుపెట్టింది. ఆ చేప కోసం మాత్రం ఈటె నిషేధాన్ని సడలించక తప్పలేదు. 2014లో ఫ్లోరిడాలో బయటపడిన పగడాల కణజాల వ్యాధి 2023లో బొనేర్‌కు చేరింది. శతాబ్దాల వయసున్న పగడాన్ని కూడా నెలల్లో తెల్లటి అస్థిపంజరంగా మార్చే జబ్బిది. డైవర్లు సూట్లనూ పరికరాలనూ శుద్ధి చేసుకోవాలన్న సూచనలు వచ్చాయి. అదే ఏడాది సముద్రం విపరీతంగా వేడెక్కి పగడాలు తెల్లబారాయి. లక్షదీవుల వారికి ఈ దృశ్యం కొత్త కాదు.

తప్పంతా బయటిదేనా అంటే కాదు. 2010 తర్వాత దీవి జనాభా బాగా పెరిగింది. కట్టడాలు పెరిగాయి. విచ్చలవిడిగా తిరిగే మేకలు పచ్చదనాన్ని నమిలేస్తే, వానకు కొట్టుకొచ్చిన మట్టి పగడాల మీద పేరుకుంటోంది. మరోపక్క విరిగిన దుప్పికొమ్ము పగడాల ముక్కలను నీళ్లలోనే నర్సరీల్లో వేలాడదీసి, పెరిగాక దిబ్బల మీద నాటుతున్నారు.

ఇక రాజకీయం. 2010 అక్టోబర్ 10న బొనేర్ నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీ అయింది. ఆ ఏర్పాటు తమకు నచ్చలేదని 2015 రిఫరెండంలో ఓటేసిన వారిలో దాదాపు మూడింట రెండొంతుల మంది చెప్పారు. 2024 జనవరిలో ఎనిమిది మంది దీవివాసులు, గ్రీన్‌పీస్‌తో కలిసి డచ్ ప్రభుత్వం మీద హేగ్‌లో దావా వేశారు. సముద్ర మట్టం నుంచి ప్రధాన భూభాగాన్ని గట్లు కట్టి కాపాడుకున్న దేశం, తమను కూడా పౌరులుగానే చూడాలన్నది వారి వాదన. ఈటెలను, లంగర్లను బొనేర్ తనంతట తానే ఆపుకోగలిగింది. నీటి వేడిని ఆపాలంటే మాత్రం దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల ఉన్నవారి చలవ కావాలి.